'ఫిదా' సినిమా గొంతులు



రేడియోలో సినిమా గురించి మాట్లాడమంటే ఒక చిక్కుంది. బొమ్మ చూపించలేం. హీరోయిన్ ఏ చీర కట్టిందో, వాన ఎంత అందంగా కురిసిందో నేనెంత చెప్పినా మీకు కనపడదు. ఇక్కడ చెల్లేది గొంతు ఒక్కటే. అందుకని ఇవ్వాళ ఒక సినిమాను కళ్లతో కాకుండా చెవులతో చెప్తాను. 2017 జులై 21న విడుదలైన ఆ సినిమా పేరు 'ఫిదా'. తీసింది శేఖర్ కమ్ముల, నిర్మించింది దిల్ రాజు, శిరీష్. కథ జరిగే ఊరు బాన్సువాడ.

మాది నారాయణఖేడ్. మేం ఉత్తగా ఖేడ్ అంటాం. నిజాంపేట, పిట్లం మీదుగా పోతే బాన్సువాడ రెండు గంటల్లోపు దారి. 2016 అక్టోబరు దాకా మాది మెదక్ జిల్లా, వాళ్లది నిజామాబాద్ జిల్లా. ఇప్పుడు మాది సంగారెడ్డి, వాళ్లది కామారెడ్డి. జిల్లాలు మారినా మంజీర మాత్రం మారలేదు. మా మనూరు అంచున పారే నీళ్లే సింగూరు దాటి, నిజాంసాగర్‌లో నిలబడి, కాలువల్లో పడి బాన్సువాడ మళ్లకు చేరతాయి. సినిమాలో మీరు చూసిన ఆ పచ్చటి వరి 1931లో పూర్తయిన నిజాంసాగర్ చలవ. మా వైపు మాత్రం కంది, జొన్న, పత్తి. ఏరు మా పక్క నుంచి పోయి వాళ్ల పొలం తడుపుతుందని మావాళ్లకు ఎప్పటి నుంచో ఉక్రోషం. నేను ఈ సినిమా సంగారెడ్డిలో చూశాను. తెర మీద వరి చేలు కనపడగానే నా పక్క కుర్చీలో ఉన్న పెద్దమనిషి హీరోయిన్‌ను వదిలేసి, "ఆ నీళ్లు మనయే" అన్నాడు. సినిమా అయిపోయేదాకా ఆయన మనసు ఆ కాలువ మీదే ఉన్నట్టుంది.

ముందుగా నా తప్పు ఒకటి ఒప్పుకోవాలి. నేను ముప్పయ్యేళ్లు బడిలో తెలుగు చెప్పాను. ఏడో తరగతి పిల్లవాడు ఒకడు "మా ఊరి సంత" అని వ్యాసం రాశాడు. అందులో ఒక వాక్యం: "మా నాయిన ఎడ్లు కొననీకి బీదరుకు పోయిండు." నేను ఎర్రసిరా పెన్ను తీసి 'నాయిన' కొట్టేసి 'నాన్న' అని రాశాను. 'కొననీకి' కొట్టేసి 'కొనడానికి' అని రాశాను. 'పోయిండు' కింద రెండు గీతలు గీసి 'వెళ్ళాడు' అని రాశాను. అంతా అయ్యాక చూస్తే ఆ వాక్యంలో పిల్లవాడిది మిగిలింది ఎడ్లు, బీదరు, అంతే. ఆ సాయంత్రం ఇంటికి పోయి, పెద్దోడు ఏడని మా ఆవిడను అడిగితే, "సైకిలేసుకొని యాడికో పోయిండు" అన్నది. నాకేమీ తప్పు అనిపించలేదు. ఇంట్లో ఎర్రసిరా ఉండదు కదా.

ఇప్పుడు కూడా చూడండి. ఎదురుగా మైకు ఉంది. లాల్ బత్తి వెలిగిందో లేదో నా నోటికి 'వెళ్ళాడు' వచ్చేసింది. అలవాటు.

అలాంటి మనిషిని నేను. ఆ రోజు 'ఫిదా' హాల్లో కూర్చున్నాక హీరోయిన్ పాత్ర భానుమతి నోరు తెరిచింది. అది మా ఇంటి మాట. మా చెల్లెలు, మా పక్కింటి పిల్ల, బావి దగ్గర కొట్లాడే ఆడవాళ్లు మాట్లాడే మాట. హాలంతా నవ్వింది. అయితే ఆ నవ్వు వేరు. యాసను చూసి నవ్వే నవ్వు నాకు బాగా తెలుసు. యాభై ఏళ్లుగా సినిమా హాళ్లలో వింటున్నాను. ఇది అది కాదు. తెలియని ఊళ్లో పెళ్లి విందులో తెలిసిన మొహం కనపడితే మనిషి ఎట్లా నవ్వుతాడో అట్లా నవ్వారు.

కథ చెప్పాలంటే పెద్దగా ఏమీ లేదు. అమెరికాలో డాక్టరీ చదువుతున్న వరుణ్ తన అన్న పెళ్లిచూపుల కోసం బాన్సువాడ వస్తాడు. పెళ్లికూతురు రేణుక. ఆమె చెల్లెలు భానుమతి. తల్లి లేని ఇద్దరు ఆడపిల్లల్ని తండ్రి ఒక్కడే పెంచాడు. భానుమతికీ వరుణ్‌కీ మనసులు కలుస్తాయి, మధ్యలో ఒక అపార్థం వస్తుంది, ఆమె అమెరికా పోతుంది, మళ్లీ తిరిగి వస్తుంది. ఆ అపార్థం మరీ పలచనిది. ఒక్కమాట ఎదురుగా కూర్చుని అడిగితే తీరిపోయేదానికి సగం సినిమా నడిపారు. అమెరికా భాగంలో నేను రెండుసార్లు గడియారం చూసుకున్నాను. కానీ ఈ కథలో ఒక గట్టి ముడి ఉంది. పెళ్లయితే ఆడపిల్ల ఎందుకు ఇల్లు వదలాలి? మా నాయినను వదిలి నేను రాను, నా ఊరు వదలను అని పిల్ల మొండికేస్తుంది. చివరికి పిల్లవాడే బాన్సువాడకు వస్తాడు.

మన దగ్గర దీనికి మంచి మాట ఉంది, ఇల్లరికం. 1959లో అక్కినేని నాగేశ్వరరావు, జమున వేసిన సినిమాకు పేరే అది. ఇల్లరికపు అల్లుడంటే ఊళ్లో చిన్నచూపు, అత్తగారింట్లో అరమాట, బావమరిది ముందు తల వంపు. అటువంటి మాటను 'ఫిదా' నోటితో అనకుండానే ప్రేమగా మార్చేసింది. అమెరికా నుంచి వచ్చిన అల్లుడు కాబట్టి చిన్నచూపు అంటలేదు అని మా ఆవిడ అంటుంది. ఆమె మాట కొట్టిపారేయలేను.

ఇక గొంతుల సంగతి.

తెలుగు సినిమాలో హీరోయిన్‌కు గొంతు ఒకరిది, మొహం ఒకరిది కావడం ఏళ్లుగా నడుస్తున్న పద్ధతి. 'మరో చరిత్ర'లో 1978లో హీరోయిన్‌గా వచ్చిన సరిత తర్వాత ఎందరో హీరోయిన్లకు గొంతు అరువిచ్చింది. రోజారమణి కూడా అంతే. శేఖర్ కమ్ముల తీసిన 'ఆనంద్', 'గోదావరి' సినిమాల్లో కమలినీ ముఖర్జీ మాట్లాడుతుంటే మనం విన్నది గాయని సునీత గొంతు. ఎంత బాగా అతికిందంటే, కమలిని పేరు చెబితే నాకు ఇప్పటికీ సునీత గొంతే గుర్తొస్తుంది. డబ్బింగ్ తక్కువ పని కాదు. చీకటి గదిలో నిలబడి, తెర మీద ఇంకెవరివో పెదాలు కదులుతుంటే ఆ కదలికలో సరిగ్గా మాట కూర్చోబెట్టాలి. ఊపిరి కూడా అక్కడే పీల్చాలి. అయితే ఆ పద్ధతిలో ఒకటి పోతుంది. ఎవరి నోటికైనా సరిపడేలా మాటను నున్నగా చెయ్యాలి కాబట్టి యాస అరిగిపోతుంది.

అదే శేఖర్ కమ్ముల 'ఫిదా'కు వచ్చేసరికి హీరోయిన్ చేత సొంతంగా చెప్పించారు. ఆ హీరోయిన్ మనమ్మాయి అయితే విశేషమే లేదు. సాయిపల్లవిది నీలగిరి కొండల్లో కోటగిరి. 1992లో పుట్టింది. వాళ్లది బడగ సమాజం. ఇంట్లో మాట బడగ. ఆ భాష కన్నడానికి దగ్గరి చుట్టం. ఖేడ్ దాటి పది ఊళ్లు పోతే బీదరు కన్నడం వినపడే మాలాంటి వాళ్లకు ఈ చుట్టరికం వింతగా అనిపించదు. చిన్నప్పుడు డాన్సు పోటీలు, 2009లో ఈటీవీ 'ఢీ' వేదిక మీద కూడా ఆడింది. తర్వాత జార్జియా దేశంలోని తిబిలిసికి వైద్యవిద్య కోసం పోయింది. అక్కడ చదువుతుండగానే మలయాళంలో 'ప్రేమమ్' వచ్చింది, 2015లో. మలర్ అనే లెక్చరర్ వేషం. మొటిమలు దాచుకోకుండా, ముఖానికి పూత లేకుండా తెర మీదికి వచ్చిన ఆ పిల్లను కేరళ నెత్తిన పెట్టుకుంది. మరుసటి ఏడు 'కలి'. ఆ తర్వాత తెలుగులో మొదటి సినిమాకే బాన్సువాడ భాష నోట్లో పెట్టారు.

యాస అనగానే మన సినిమా వాళ్లు చేసే పని ఒకటుంది. మామూలు వాక్యం రాసి, నాలుగు 'గిట్ల', మూడు 'గట్ల' చల్లుతారు. పైన కొత్తిమీర చల్లినట్టు. అసలు యాస అక్కడ ఉండదు. క్రియ చివర ఉంటుంది. 'చెప్పాను' అనేది 'చెప్పిన' అయ్యే దగ్గర, 'వస్తాను' 'వస్త' అయ్యే దగ్గర, 'ఉన్నాడు'లో దీర్ఘం పోయి 'ఉన్నడు' అయ్యే దగ్గర ఉంటుంది. ఆ దీర్ఘం ఒక్కటి సరిగ్గా తెగకపోతే ఎన్ని 'గిట్ల'లు వేసినా దండగే. సాయిపల్లవి ఆ దీర్ఘాలను తెంపింది. తిట్టేటప్పుడు గొంతు ఎక్కడ లేపాలో, తండ్రితో మాట్లాడేటప్పుడు ఎక్కడ దించాలో పట్టుకుంది. అక్కడక్కడ ఎక్కువ చేసింది కూడా. కొన్ని మాటలు బాన్సువాడలో కూడా అంత సాగదీయరు. తనను తాను హైబ్రిడ్ పిల్లనని చెప్పుకునే దగ్గర హాలు ఈలలతో ఊగిపోయింది కానీ, నాకు ఆ మాట వెనక రచయిత కూర్చుని ఉన్నట్టు కనపడ్డాడు. నాకు నచ్చింది వేరే చోటు. అలిగి మాట్లాడకుండా ఉండి, తర్వాత తండ్రిని 'నాయినా' అని పిలిచే చోటు. ఆ 'యి'లో ఉన్న మెత్తదనం నేర్పితే వచ్చేది కాదు. ఎక్కడో విని, లోపల దాచుకుంటే వచ్చేది.

ఆ పాత్రకు పెట్టిన పేరు కూడా చూడండి, భానుమతి. ఆ పేరు గల పెద్దావిడ, భానుమతీ రామకృష్ణ, తన పాట తానే పాడుకున్నది. 1951 నాటి 'మల్లీశ్వరి' విన్నవాళ్లకు ఆమె గొంతు గురించి నేను చెప్పక్కర్లేదు. తలచుకుని పెట్టారో లేదో కానీ, పేరు మాత్రం సరైన పిల్లకు పడింది.

సాయిపల్లవికి 'ఫిదా'తో తెలుగులో ఉత్తమ నటిగా ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. ఆ తర్వాత ఆమె ఎక్కడెక్కడికి పోయిందో గొంతును పట్టుకుని పోతే సరదాగా ఉంటుంది. 2018 డిసెంబరులో 'పడి పడి లేచె మనసు', కలకత్తా వీధులు, ప్రేమకథను నిలువునా చీల్చేది నేపాల్‌లో వచ్చే భూకంపం. 2015 ఏప్రిల్‌లో నిజంగానే నేపాల్ కూలిపోయిన రోజులు మనకు గుర్తున్నాయి కాబట్టి ఆ సన్నివేశం సినిమా కన్నా బరువుగా అనిపించింది. సినిమా ఆడలేదు. 2021లో మళ్లీ శేఖర్ కమ్ములతో 'లవ్ స్టోరీ'. అందులో యాస హీరోకు చేరింది. నాగచైతన్య ఆర్మూరు కుర్రవాడు. కులం, ఇంట్లో ఆడపిల్ల మీద జరిగే అఘాయిత్యం, రెండూ ఉన్న కథ. 'ఫిదా' కన్నా బరువైన సినిమా. నేను ఇష్టపడేది మాత్రం 'ఫిదా'నే. 'లవ్ స్టోరీ'కీ ఆమెకు ఫిల్మ్‌ఫేర్ వచ్చింది. 2022లో 'విరాటపర్వం', వేణు ఊడుగుల తీశారు. ఉద్యమంలోకి నడిచిపోయే వెన్నెల. అక్కడ మళ్లీ తెలంగాణ మాటే, అయితే భానుమతి మాట కాదు. భానుమతి గొంతు పెంకె, వెన్నెల గొంతు జ్వరం వచ్చినట్టు ఉంటుంది. 2024లో తమిళంలో 'అమరన్'లో వీరమరణం పొందిన సైనికాధికారి భార్య. 2025లో 'తండేల్', శ్రీకాకుళం తీరంలో చేపల వేటకు పోయి పాకిస్తాన్‌కు చిక్కిన వాడి కోసం ఎదురుచూసే పిల్ల. నీలగిరి నుంచి వచ్చిన మనిషి బాన్సువాడ, శ్రీకాకుళం రెండు కొసలూ తిరిగింది. మధ్యలో తెల్లబరిచే క్రీము ప్రకటనకు ఒప్పుకోనని చెప్పిన సంగతి కూడా అందరికీ తెలుసు. ఆ మాట నాకు ఆమె పాత్రలన్నిటి కన్నా ఎక్కువ నచ్చింది.

ఇప్పుడు ఆ తండ్రి దగ్గరికి వస్తాను. నాకు ఎక్కువసేపు ఉండాలనిపించే చోటు ఇది.

భానుమతి తండ్రిగా వేసింది సాయిచంద్. సినిమా చూసి బయటికి వస్తూ మా అమ్మాయి, "ఈయన కొత్తాయనా నాయినా, మంచిగ చేసిండు" అన్నది. కొత్తవాడు కాదు తల్లీ అన్నాను. 1980 మార్చిలో 'మాభూమి' విడుదలైంది. బెంగాల్ నుంచి వచ్చిన గౌతమ్ ఘోష్‌కు అది మొదటి కథాచిత్రం, వెనక బి. నర్సింగరావు. కిషన్ చందర్ ఉర్దూ నవల ఆధారం. తీసింది మా పాత మెదక్ జిల్లాలోనే, మంగళపర్తి అనే ఊళ్లో. ఆ ఊరి గడీ, ఆ ఊరి మనుషులు తెర మీద కనపడతారు. అందులో ఊరు విడిచి హైదరాబాదు పోయి, రిక్షా తొక్కి, తిరిగి వచ్చి సాయుధపోరులో చేరే రామయ్య వేషం వేసిన కుర్రవాడు సాయిచంద్. ఆయన ఎవరో తెలుసా? 'అసమర్థుని జీవయాత్ర' రాసిన త్రిపురనేని గోపీచంద్ కొడుకు, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి మనవడు. కృష్ణా జిల్లా వంశం. తెలంగాణ గడ్డ గురించి వచ్చిన అంత పెద్ద సినిమాలో మా రామయ్య ఆయనే. ఎవరూ కులగోత్రాలు అడగలేదు. మెదక్ జిల్లాలో ఆ సినిమా చూసినవాడు ఎవడూ "ఈయన మనోడు కాడు" అనలేదు.

ఆ తర్వాత 'మంచుపల్లకీ'లాంటి సినిమాల్లో కనపడ్డారు. మెల్లగా తెర నుంచి పక్కకు జరిగారు. చాలా ఏళ్లు ఆయన సినిమాల్లో లేరు. మధ్యలో తెలంగాణ ఉద్యమం జరిగింది, రాష్ట్రం వచ్చింది, రామయ్యను చూసి చప్పట్లు కొట్టిన వాళ్లకు మనవళ్లు పుట్టారు. అప్పుడు ఆయన మళ్లీ వచ్చారు, నెరిసిన జుట్టుతో, ఒక తెలంగాణ తండ్రిగా. రామయ్య బతికి ఉండి, పెళ్లి చేసుకుని, ఇద్దరు ఆడపిల్లల్ని కని, వాళ్లకు పెళ్లి చెయ్యాల్సి వస్తే ఇట్లాగే ఉండేవాడేమో అని నాకు అనిపించింది. ఆ పాత్రకు పెద్ద మాటలు లేవు. చిన్న కూతురు పోట్లాడుతుంటే పక్కన నిలబడి చూస్తాడు. పెద్ద కూతురు అప్పగింతలప్పుడు మాట్లాడకుండా నిలబడతాడు. తెలుగు సినిమా తండ్రులు ఈ సందర్భంలో ఎంత మాట్లాడతారో మీకు తెలుసు. ఈయన మాట్లాడడు. రేడియో వాడిని కాబట్టి చెప్తున్నాను, నిశ్శబ్దం కూడా గొంతే.

అక్కడి నుంచి సాయిచంద్‌కు రెండో జీవితం మొదలైంది. 'సైరా', 2021లో 'ఉప్పెన'లో సముద్రపు ఒడ్డు జాలరి తండ్రి, 2022లో 'విరాటపర్వం'లో మళ్లీ సాయిపల్లవికే తండ్రి. ఒక సినిమాలో కూతురు ఇల్లు వదలనంటుంది, ఇంకో సినిమాలో అదే కూతురు ఇల్లు వదిలి అడవికి పోతుంది. ఆ ఇద్దరు తండ్రులనూ పక్కపక్కన పెట్టి చూడండి ఎప్పుడైనా.

'మాభూమి' అన్నాను కాబట్టి ఇంకొకరి మాట చెప్పకుండా పోలేను. ఆ సినిమాతోనే తెర మీదికి వచ్చిన శకుంతల. తర్వాత ఆమె పేరు ముందు తెలంగాణ చేరి, తెలంగాణ శకుంతల అయింది. 'ఒసేయ్ రాములమ్మా', 'నువ్వు నేను', 'ఒక్కడు'. ఆమె నోరు విప్పితే హాలు అదిరేది. పుట్టింది మాత్రం మహారాష్ట్రలో, మరాఠీ కుటుంబంలో. మా ఖేడ్‌లో ఇది వింటే ఎవరూ ఆశ్చర్యపోరు. మాకు ఒక చెవిలో కన్నడం, ఒక చెవిలో మరాఠీ, తండాల నుంచి లంబాడీ, బజారులో ఉర్దూ. 'ఫిదా' అనే మాట కూడా ఉర్దూదే కదా. ఎవరి మీదనో ప్రాణం పెట్టడం. మా దగ్గర ఆ మాటకు అర్థం చెప్పక్కర్లేదు. శకుంతల 2014 జూన్ 14న పోయారు, తెలంగాణ రాష్ట్రం వచ్చిన పన్నెండు రోజులకు. ఆమెకు ఎక్కువ సినిమాల్లో దొరికింది గయ్యాళి అత్త, రౌడీ తల్లి. అంత గొంతు ఉన్న మనిషికి ఒక్క ప్రేమకథలో ప్రేమగా మాట్లాడే తల్లి వేషం దొరికి ఉంటే ఎట్లా ఉండేదో. అప్పట్లో మన మాట తిట్టడానికీ నవ్వించడానికీ మాత్రమే పనికొచ్చేది. వాచ్‌మన్, రౌడీషీటర్, పనిమనిషి. ప్రేమించేవాళ్లు మాత్రం నా ఎర్రసిరా భాషలో ప్రేమించుకునేవాళ్లు.

ఆ ఎర్రసిరా భాషే 'ఫిదా'లో హీరోది. వరుణ్ తేజ్, నాగబాబు కొడుకు, చిరంజీవి తమ్ముడి కొడుకు. 2014లో 'ముకుంద', మరుసటి ఏడు క్రిష్ తీసిన 'కంచె', దానికి ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం. మంచి ఆరంభమే. తర్వాత 'లోఫర్', 'మిస్టర్' ఆడలేదు. 'ఫిదా' అతనికి ఊపిరి పోసింది. ఆరడుగుల పైన ఎత్తు, లోతైన గొంతు, పెద్ద ఇంటి పేరు, ఇన్ని ఉన్నా ఈ సినిమాలో అతను చేసిన మంచి పని పక్కకు తప్పుకోవడం. పిల్ల మాట్లాడుతుంటే విన్నాడు. పెద్ద హీరోల ఇంటి పిల్లలకు ఇది అంత తేలిగ్గా రాదు. 2018 ఫిబ్రవరిలో 'తొలిప్రేమ' బాగా ఆడింది. ఆ మరుసటి ఏడు 'ఎఫ్2'. అప్పుడు, 2019 సెప్టెంబరులో 'గద్దలకొండ గణేష్'. మొదట 'వాల్మీకి' అని పేరు పెట్టి, అభ్యంతరాలు వచ్చాక విడుదల ముంగిట మార్చిన సినిమా. అందులో వరుణ్ తేజ్ గడ్డం పెంచి, మొరటు తెలంగాణ యాసలో మాట్లాడే గూండా. బాగా చేశాడు, కాదనను. కానీ నాకు హాల్లో నవ్వు రాలేదు. అమెరికా డాక్టరుగా ఉన్నప్పుడు శుభ్రమైన తెలుగు మాట్లాడినవాడు, కత్తి పట్టగానే మా యాస ఎత్తుకున్నాడు. రెండేళ్లలో మాట మళ్లీ పాత ఇంటికే పోయినట్టయింది. తర్వాత 'గని', 'ఆపరేషన్ వాలెంటైన్', 'మట్కా', అన్నీ దెబ్బలే. ఇంటి విషయం ఒకటి మంచిది. 'మిస్టర్'లో, 'అంతరిక్షం'లో తనతో వేసిన లావణ్య త్రిపాఠిని 2023 నవంబరు 1న ఇటలీలో పెళ్లాడాడు. ఆడని సినిమాల వల్ల కూడా మేలు జరుగుతుంది.

అతని అన్నగా వేసిన రాజా చెంబోలు సిరివెన్నెల సీతారామశాస్త్రి కొడుకు. భానుమతి మేనత్తగా వేసిన గీతా భాస్కర్ 'పెళ్లిచూపులు' తీసిన తరుణ్ భాస్కర్ తల్లి. ఇద్దరూ ఎక్కువ హడావిడి చెయ్యకుండా వేషాల్లో ఇమిడిపోయారు.

అక్క రేణుకగా వేసిన శరణ్యా ప్రదీప్ దగ్గర మాత్రం ఆగాలి. ముఖ్య నటుల్లో నిజంగా ఆ ప్రాంతం మనిషి ఆమే, నిజామాబాద్ అమ్మాయి. టీవీలో వార్తలు చదివిన గొంతు. అంటే నాలాగే పొద్దంతా ఎర్రసిరా భాష మాట్లాడి ఇంటికి పోయి మామూలు మాట మాట్లాడిన మనిషి అనుకుంటాను. 'ఫిదా'లో అందరూ భానుమతి యాసనే మెచ్చుకున్నారు. రేణుక మాట ఎవరికీ వినపడలేదు. అచ్చంగా ఉన్నది ఎప్పుడూ వినపడదు, నీళ్లకు రుచి ఉండనట్టు. ఆ తర్వాత 2022లో 'భామాకలాపం'లో ప్రియమణి పక్కన పనమ్మాయి శిల్పగా నవ్వించింది. 2024 ఫిబ్రవరిలో 'అంబాజీపేట మ్యారేజి బ్యాండు'. కోనసీమ. సుహాస్‌కు కవల అక్కగా, ఊరి పెద్ద ముందు తల వంచని టీచరమ్మ పద్మగా వేసింది. ఆ సినిమా హీరో సుహాసే కానీ, చూసి బయటికి వచ్చినవాళ్లు మాట్లాడుకున్నది ఆమె గురించి. నిజామాబాద్ పిల్ల గోదావరి మాట మాట్లాడింది. కోనసీమ వాళ్లు ఒప్పుకున్నారు. మనం నీలగిరి పిల్లను ఒప్పుకోలేదా, అట్లాగే.

పాటల గొంతు కూడా ఒక మాట. 'వచ్చిండే' పాట సుద్దాల అశోక్ తేజ రాశారు, మధుప్రియ, రాంకీ పాడారు, శక్తికాంత్ కార్తీక్ స్వరపరిచారు. చిన్నపిల్లగా ఉన్నప్పుడే ఆడపిల్ల మీద పాట పాడి ఊరూరా తెలిసిన మధుప్రియ గొంతు అది. మా బడి వార్షికోత్సవంలో మూడేళ్లపాటు ప్రతి తరగతి పిల్లలూ దానికే ఆడారు. పేరులోనే 'వచ్చిండు' ఉంది. నేను పెన్ను తీయలేదు.

'ఫిదా' తర్వాత దారి తెరుచుకుంది. 2023లో వేణు ఎల్దండి 'బలగం' తీశారు, మళ్లీ దిల్ రాజు సంస్థలోనే. దిల్ రాజుదీ నిజామాబాద్ జిల్లానే, నర్సింగ్‌పల్లి. ఊళ్లల్లో రాత్రిపూట తెర కట్టుకుని జనం నేల మీద కూర్చుని చూశారు, ఏడ్చారు. ఇప్పుడు చావు ఇంటి కథ కూడా మన మాటలో చెప్పొచ్చు. చాలా బాగుంది. కానీ 'బలగం' వచ్చిన దగ్గరి నుంచి ప్రతి సినిమాలోనూ బోనాలు, కల్లు, మటన్, యాస తప్పనిసరి అయ్యాయి. నిన్న కొత్తిమీర చల్లారు, ఇవ్వాళ కొత్తిమీరే వండుతున్నారు.

పోయిన చలికాలంలో ఒక పని మీద బాన్సువాడ పోవాల్సి వచ్చింది. ఖేడ్ బస్టాండులో ఎక్కి కిటికీ పక్కన కూర్చున్నాను. కండక్టరు టికెట్లు కొట్టుకుంటూ వస్తున్నాడు. "ఏయ్ పెద్దమ్మా, సంచి అటు జరుపు, మంది కాల్లు పెట్టనీకి జాగ లేదు" అని ఒకరితో, "యాడ దిగుతవే, నిజాంపేటనా?" అని ఇంకొకరితో. గొంతు ఎక్కడో విన్నట్టుంది. నా దగ్గరికి వచ్చాడు, నన్ను చూశాడు, ఒక్కసారి నిలబడి చొక్కా సర్దుకున్నాడు.

"నమస్కారం సార్. ఎక్కడికి వెళ్తున్నారు సార్?"

ఎడ్లు కొననీకి బీదరుకు పోయిన వాళ్ల నాయిన కొడుకు. దీర్ఘాలన్నీ సరిగ్గా పెట్టాడు. ముప్పయ్యేళ్ల కింద నేను గీసిన రెండు గీతలు ఇంకా చెరగలేదు. బస్సంతా ఒక మాట, నా ఒక్కడికి ఒక మాట.

నేను జేబులో నుంచి వంద నోటు తీసి ఇచ్చాను.

"బాన్సువాడకు పోతున్న బిడ్డా, ఒక టికెట్ కొట్టు" అన్నాను.

వాడు నా మొహంలోకి చూశాడు, నోటు తీసుకున్నాడు, మిషన్ మీద వేలు ఆగింది. తర్వాత నవ్వాడు.

"ఏంది సార్, ఫిదా సిన్మా తీసిన జాగ చూడనీకి పోతున్నరా?"